గుర్తులు పెట్టని కథ

నా చిన్నప్పుడు మా బడికి గంట ఉండేది కాదు. గుట్ట అవతల రాళ్ళు కొట్టేచోట మధ్యాహ్నం పూట మందు కూరి బండలు పేల్చేవాళ్ళు. ఆ మొదటి చప్పుడు వినగానే పలకలు చంకన పెట్టుకొని అన్నాలకు ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు రాయదుర్గంలో మెట్రో దిగి అద్దాల మేడల మధ్య నడిచే పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో అక్కడ ఎటు చూసినా బండలే. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టు నిలబడి ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, పల్లంలో జొన్నచేలు, ఆ పక్కన మా చిన్న ఊరు. మా నాన్న ఆ బండలు కొట్టే పనిలోనే ఉండేవాడు. పేల్చబోయే ముందు ఒకతను ఎర్రగుడ్డ ఊపుతూ "పైలం, పైలం" అని అరిచేవాడు. ఆ అరుపుకూ పేలుడుకూ నడుమ కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. పిట్టలు కూడా కూసేవి కావు. నేను చెప్పబోయే రోజులన్నీ నాకు ఆ కాసేపటిలాగే గుర్తున్నాయి.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. నాకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. బడికి ఒకటే గది, ఒకే ఒక్క టీచరమ్మ. ఆమెది గుంటూరు వైపు ఏదో ఊరు. ఉద్యోగం ఇక్కడ పడిందని రెండేళ్ళ కిందట వచ్చి, మా వాడ చివర ఒక గది కిరాయికి తీసుకొని ఒంటరిగా ఉండేది. ఆమె భర్తకు సముద్రం ఒడ్డున ఎక్కడో ఉద్యోగమట. రెండు మూడు రోజులకొకసారి ఆయనకు ఉత్తరం రాసేది. దాన్ని తీసుకెళ్ళి రోడ్డు మీది ఎర్రడబ్బాలో వేసి వచ్చే పని నాది. అందుకు బదులుగా ఆమె గదిలో కూర్చొని పుస్తకాలు తిరగేసే హక్కు నాకుండేది. గదిలో ఒక నులక మంచం, ఒక కిరసనాయిలు పొయ్యి, మంచం కింద ఆకుపచ్చ రేకుపెట్టె. అంతకు మించి ఏమీ ఉండేవి కావు.

ఆమె చదువు చెప్పే తీరు మేమెక్కడా చూడనిది. పాత చీర చెంగుతో కుట్టిన సంచి ఒకటి బడి గోడకు వేలాడుతుండేది. దారిలో దొరికిన ఏ వస్తువైనా అందులో వేయమనేది. పళ్ళు విరిగిన దువ్వెన, ఎద్దు మెడలోంచి రాలిన మువ్వ, నలిగిన బస్సు టికెట్టు, ఒంటి చెవిపోగు, ఇలా ఏదైనా సరే. శనివారం పూట ఎవరో ఒకరు కళ్ళు మూసుకొని సంచిలో చెయ్యి పెట్టి ఒక వస్తువు తీయాలి. అది చేతులు మారుతూ గదంతా తిరిగేది. తడిమి చూడాలి, వాసన చూడాలి, చెవి దగ్గర పెట్టుకొని ఊపాలి. అప్పుడామె అడిగేది. దీన్ని పోగొట్టుకున్నది ఎవరు? ఇప్పుడు వాళ్ళు ఎక్కడ వెతుకుతున్నారు? దొరక్కపోతే వాళ్ళకేమవుతుంది? ఇక రాయండి అని, తాను కూడా మా మధ్య చాప మీద కూర్చొని రాసేది. మాకు మల్లే ఆమె కూడా పెన్సిలు కొరికేది. మా మాటలు మేము పలికినట్టే రాయనిచ్చేది. ఒకసారి నేను 'ఇక'కు బదులు 'ఇగ' అని రాసి, తప్పేమోనని చెరిపేస్తుంటే నా చెయ్యి పట్టుకొని ఆపింది. మీ ఇంట్లో అలాగే అంటారుగా, ఉండనీ అంది. అంతవరకు రాయడమంటే పుస్తకంలోది చూసి పలక మీదికి ఎక్కించడమే అనుకున్నాను. నా నోట్లో మాట కాగితం మీద కూడా బతుకుతుందని ఆ రోజే తెలిసింది.

గుర్తుల నియమం తర్వాత వచ్చింది. మా తరగతి పిల్లవాడొకడు దువ్వెన మీద కథ రాస్తూ, అది తమ అవ్వదేననీ, ఆమె తల దువ్వుకున్నప్పుడు రాలిన పేలను తీసుకెళ్ళి పక్కింటామె వండిన పప్పులో కలిపిందనీ రాశాడు. మేము పడీ పడీ నవ్వాం. సాయంత్రానికి ఆ కథ వాడంతా తిరిగింది. మర్నాడు అవ్వ కొంగు నడుముకు చుట్టుకొని బడికి వచ్చింది. ఆమె వెనకే పక్కింటామె కూడా. టీచరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ పిల్లవాడి చేతే కథ మళ్ళీ చదివించి, చివరికి అవ్వనే నవ్వించి పంపింది. కానీ వాళ్ళు వెళ్ళాక ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి రాసిన ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టమంది. కళ్ళతో చూసిందైతే 'చూ'. ఎవరో చెప్పగా విన్నదైతే 'వి'. మనసులో అనుకున్నదైతే 'అ'. మూడూ రాయవచ్చు, మూడూ మంచివే, ఒకదాన్ని ఇంకొకటిగా చెప్పడమే కూడదు అంది. 'అ'లు ఎక్కువ ఉన్న కథలను ఆమె ఎక్కువ మెచ్చుకునేది. నా పేజీ నిండా 'అ'లే ఉండేవి.

ఆ ఏడు పట్నం నుంచి వచ్చే కబుర్లు మారాయి. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, పట్నంలో కాలేజీలో చదివేవాడు. మా వాడ మొత్తంలో అంత చదువుకున్నది ఆయనొక్కడే. ఎండలో బండలు కొట్టి వచ్చిన మా నాన్న, తమ్ముడికి కొలువు వస్తే ఇంట్లో అందరి బతుకూ తేలిక పడుతుందని చూస్తుండేవాడు. తమకు రావలసిన కొలువులు బయటివాళ్ళకు పోతున్నాయని, సొంత గడ్డ మీద తమకే చోటు లేకుండా పోతోందని చిన్నాయన అనేవాడు. ఆ బాధ నిజమైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. కాలేజీ మూతపడ్డాక ఆయన ఊరికి వచ్చేశాడు. స్నేహితులతో కలిసి పెద్ద బండ మీద తారుతో 'జై తెలంగాణ' అని రాశాడు. మనిషెత్తు అక్షరాలు. తారు డబ్బా పట్టుకున్నది నేనే. 'ణ' ఎలా తిప్పాలో ఒకతను తడబడితే నేల మీద వేలితో రాసి చూపించాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు ఆ అక్షరం నేర్పింది టీచరమ్మేనని అప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

తర్వాత ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. బస్సు రావడం మానేసింది. కొన్ని రోజులు పట్నం వైపు ఆకాశంలో పొగ కనిపించేది. అక్కడ కాల్పులు జరిగాయని, చదువుకునే పిల్లలు చచ్చిపోయారని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకొనేవారు. బడికి వచ్చే పిల్లలు సగమయ్యారు, తర్వాత అందులో సగం. కిరాణా కొట్టాయన టీచరమ్మకు కిరసనాయిలు లేదని చెప్పి, ఆమె వెనకే నిలబడ్డ నాకు సీసా నిండా పోశాడు. ఆమె అది చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. ఒకరోజు ఉక్తలేఖనం చెబుతుండగా బడి పెంకుల మీద ఒక రాయి పడింది. దొర్లుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆమె ఆ వాక్యాన్ని రెండోసారి చెప్పింది, గొంతు మారకుండానే. కానీ ఆ వారం నుంచి వాడలో నోరు విప్పడం బాగా తగ్గించింది. బావి దగ్గర ఎవరైనా పలకరిస్తే తల మాత్రం ఊపేది. ఒక్కమాట మాట్లాడితే చాలు, ఆ మాటే తనది ఏ ప్రాంతమో పట్టిస్తుందని ఆమె భయమని నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లోనే మా చిన్నాయన ప్రాణస్నేహితుణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. సరిగ్గా అతను దాక్కున్న ఇంటికే వచ్చారట. ఎవరో పేర్లు రాసి పంపుతున్నారని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం మా వాకిట్లో నలుగురైదుగురు కూర్చున్నారు. నేను ఓ మూల బూడిదతో గిన్నెలు తోముతున్నాను. చివరికి చిన్నాయన అన్నాడు. "మన ఊర్ల రాసెటోళ్ళు ఎంతమంది ఉన్నరు? ఉత్తరాలు ఏసెటోళ్ళు ఎంతమంది ఉన్నరు?" ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. కానీ అందరి తలలూ వాడ చివరికి తిరిగాయి. నా చేతిలో బూడిద తడిసి ముద్దయింది. ఉత్తరాలు డబ్బాలో వేసేది నేనే కదా అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన శనివారం బడిలో పదకొండు మందిమే ఉన్నాం. సంచిలో చెయ్యి పెట్టే వంతు నాది. తుప్పు పట్టిన చిన్న తాళంచెవి దొరికింది. అది అందరి చేతులూ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికే నా తలలో కథ తయారైపోయింది. నేను ఏ రోజూ అంత వేగంగా రాయలేదు. ఒక ఊళ్ళో ఒక టీచరమ్మ ఉంటుంది. ఆమె మంచం కింద ఆకుపచ్చ పెట్టె ఉంటుంది. ఆ పెట్టెకు ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ఊళ్ళో పోరాడే పిల్లల పేర్లన్నీ ఆమె కాగితాల మీద రాసి ఆ పెట్టెలో దాచి, ఒక్కొక్కటే పోలీసులకు ఉత్తరంలో పంపుతుంది. ఎవరి పేరు బయటికి వెళితే వాళ్ళు ఆ రోజే మాయమవుతారు. తాళంచెవి పోయింది గనక పెట్టె ఇక తెరుచుకోదు, పేర్లు లోపలే అరుస్తున్నాయి.

టీచరమ్మ అంటే నాకు కోపం లేదు. లోకంలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే. మరి అలా ఎందుకు రాశానంటే, కథ అలా వచ్చింది. ఆ పేర్లు లోపల అరవడం దగ్గరికి వచ్చేసరికి నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఆ సంతోషంలో నాకింకేమీ కనపడలేదు. గుర్తులు పెట్టబోయి ఆగాను. అంత బాగా వచ్చిన కథ పక్కన 'అ', 'వి' అని గిలికితే చెడిపోతుందనిపించింది. ఇంతలో రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. టీచరమ్మ లేచి బయటికి తొంగి చూసి, నోటుబుక్కులు తీసుకొని తిన్నగా ఇళ్ళకు పొండి, ఎక్కడా ఆగకండి అంది. అలా ఆమె చూడకుండానే ఆ పేజీ మా ఇంటికి వచ్చింది.

మా నాయనమ్మకు నేను రాసింది చదివి వినిపించడం అలవాటు. ఆ సాయంత్రం అరుగు మీద చదువుతుంటే చిన్నాయన, ఆయన స్నేహితులు అటు వచ్చారు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఒకతను బీడీ ఆర్పేశాడు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి అందరూ నా చుట్టూ చేరారు. "మల్ల సదువు" అన్నాడు ఎర్ర రుమాలు చుట్టుకున్న ఒక పొడుగాటి మనిషి. మళ్ళీ చదివాను, ఈసారి గొంతు పెంచి, ఆపాల్సిన చోట ఆపుతూ. పెద్దవాళ్ళు, మీసాలున్న మగవాళ్ళు, నా నోటివంక చూస్తూ నిలబడటం అదే మొదటిసారి. చదవడం అయ్యాక ఆ పొడుగాటాయన నా ముందు గొంతుక్కూర్చొని అడిగాడు.

"గా పెట్టె నిజంగనే ఉన్నదా బిడ్డా?"

పెట్టె ఉంది. అందుకని తల ఊపాను.

"గీ ముచ్చటంత నిజమేనా?"

మళ్ళీ ఊపాను. ఎందుకు ఊపానని ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. కాదు అంటే వాళ్ళంతా లేచి వెళ్ళిపోతారు. నా చుట్టూ మళ్ళీ ఎవరూ ఉండరు. అంతకు మించిన కారణమేదీ నాకు దొరకలేదు. మా నాయనమ్మ మాత్రం "పోరి కతలు జెప్తది, దాని మాటలేంది" అని గొణిగింది. ఆమె మాట ఎవరూ వినలేదు. చిన్నాయన నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకున్నాడు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకొని నడువు అన్నాడు. ఎక్కడికని అడగలేదు, తెలుసు కనుక. దారిలో ఒకరొకరే కలుస్తూ వాడ చివరికి చేరేసరికి ఎనిమిది మందయ్యారు. ఇద్దరి చేతుల్లో కర్రలున్నాయి. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు లేచి లోపలికి వెళ్ళి తలుపులు దగ్గరికి వేసుకున్నారు. మా అమ్మ కూడా గుమ్మంలో నిలబడి నన్ను పిలవబోయి, చిన్నాయన ముఖం చూసి ఆగిపోయింది. ఆ రోజు క్వారీలో పని లేదు. ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నడుస్తుంటే మా కాళ్ళకింది కంకర నలిగే చప్పుడొక్కటే నాకు వినిపించింది.

టీచరమ్మ గుమ్మంలో కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవబోయి ఆగిపోయింది. చేట అంచున బియ్యం కాసిని కిందికి జారాయి.

"ఏం కావాలి బాబూ?" అంది.

"మీ పెట్టె తెరువుండ్రి" అన్నాడు ఎర్ర రుమాలాయన. "అండ్ల ఎవరెవరి పేర్లున్నయో మాకు తెల్వాలె."

ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. చిన్నాయన నోటుబుక్కు తెరిచి ఆమె ముందు పెట్టాడు. "మీ దగ్గర సదువుకునే పోరియే రాసింది. నిజమేనని నిన్న అందరి ముంగట చెప్పింది."

ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, పుస్తకం ఒళ్ళో పెట్టుకొని చదివింది. మొదటి నుంచి చివరిదాకా, నెమ్మదిగా, మా కాపీలు దిద్దేటప్పుడు చదివినట్టే. ఎనిమిది మంది మగవాళ్ళు ఆమె చదవడం అయ్యేదాకా ఎండలో నిలబడ్డారు. చదవడం అయ్యాక ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

"గుర్తులు పెట్టలేదేమ్మా?" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నాయన నా చెయ్యి వదల్లేదు.

"ఏడవకు. ఇప్పుడు పెడదాం. అయ్యా, ఒక్క నిమిషం ఉండండి, ఈ పిల్లను రెండు మాటలు అడుగుతాను, తర్వాత మీరేమంటే అది." ఆమె పుస్తకం నా వైపు తిప్పి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. "ఆకుపచ్చ పెట్టె ఉంది. ఇది ఏంటి?"

"చూసింది" అన్నాను.

"అవును. అదిగో, ఉంది. పేర్లన్నీ టీచరమ్మ రాసి పెట్టెలో దాచింది. ఇది?"

"అనుకున్నది" అన్నాను. గుంపులో ఎవరో విసుగ్గా ఊపిరి వదిలారు.

"పేర్లు ఒక్కొక్కటే పోలీసులకు ఉత్తరంలో పోతున్నాయి. ఇది?"

"ఇన్నది."

"ఎవరి దగ్గర విన్నావమ్మా?"

ఆమె దాన్ని ఉచ్చుగా అడగలేదు. విన్నది అని ఎవరు రాసినా ఎవరి దగ్గర అని అడగడం ఆమెకు తరగతిలో అలవాటు. ఆ జవాబు ఎక్కడికి దారితీస్తుందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నా మణికట్టు మీది చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. నేను తల ఎత్తకుండా నేలమీది బియ్యం గింజలను చూస్తూ చెప్పాను.

"మా చిన్నాయన దగ్గర. వాకిట్ల నువ్వే అన్నవు గద చిన్నాయనా, రాసెటోళ్ళు ఎంతమంది ఉన్నరని."

నా మణికట్టు మీది చెయ్యి మెల్లగా వదులైంది. చిన్నాయన ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. తన నోట్లోంచి వచ్చిన అనుమానమే ఊరు తిరిగి, నా రాతలో కూర్చొని, సాక్ష్యంలా ఆయన ముందుకే వచ్చిందని ఆ క్షణంలో ఆయనకు తెలిసింది. తొమ్మిదేళ్ళ నాకే తెలిసినప్పుడు ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది?

కానీ ఎర్ర రుమాలాయన వెనక్కి తగ్గలేదు. "గవన్ని మనకెందుకు? పెట్టె తెరిస్తె ఒడుస్తది" అంటూ గదిలోకి వెళ్ళి, కాలితో మంచం కింది పెట్టెను గుమ్మం దాకా లాగాడు. రేకు నేలకు రాసుకున్న ఆ చప్పుడు నాకిప్పటికీ పంటి కింద రాయిలా తగులుతుంది.

టీచరమ్మ లేచి నిలబడింది. "తెరుస్తాను బాబూ. ఇందులో ఏ పేర్లూ లేవు. చూసుకొని మీరు వెళ్ళిపోతారు. రేపు ఇంకొకరు ఇంకొక మాట విని వస్తారు. ఆ రోజు మీరెవరైనా ఇక్కడికొచ్చి, మేము చూశాం, ఏమీ లేవు అని నా పక్కన నిలబడతారా? నిలబడతామంటే ఇప్పుడే తెరుస్తాను."

ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఒకతను తన కర్రను వెనక్కి తిప్పుకున్నాడు. అప్పుడు చిన్నాయన ముందుకు వచ్చి, వంగి, రెండు చేతులతో పెట్టెను మెల్లగా మంచం కిందికి తోసేశాడు. "నడువుండ్రి" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. ఒకరి తర్వాత ఒకరు కదిలారు. ఎర్ర రుమాలాయన అందరికంటే చివర, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

నేను అక్కడే ఉండిపోయాను. ఆమె కింద కూర్చొని బియ్యం గింజలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చొని ఏరాను. ఎంతసేపటికో, గింజలన్నీ అయిపోయాక కూడా ఆమె వేళ్ళు నేల మీద వెతుకుతూనే ఉన్నాయి. తర్వాత నా పుస్తకం తీసుకొని, ఎర్ర పెన్సిలుతో అక్షర దోషాలు దిద్దింది. ఏ కథనైనా దిద్దినట్టే. 'పేర్లు లోపలే అరుస్తున్నాయి' అన్నచోట కింద గీత గీసి, పక్కన 'బాగుంది' అని రాసింది. తనను ఊళ్ళోంచి వెళ్ళగొట్టబోతున్న కథకు ఆమె ఆ మాట రాసింది. రాయడం మాత్రం మానుకోకు అంది. అంత పెద్ద తప్పుకు అంత చిన్న మాట. నన్ను కొట్టి ఉంటే ఇంటికి వెళ్ళి నిద్రపోయేదాన్ని.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ ఎనిమిది మందీ నిజం తెలుసుకొని వెళ్ళారు, కానీ అంతకు ముందే కథ ఊరు దాటింది. పక్క ఊళ్ళో పెట్టె నిండా పేర్లున్నాయని చెప్పుకుంటున్నారు. ఇంకో ఊళ్ళో ఆ పేర్ల సంఖ్య కూడా చెప్పుకుంటున్నారు. బడి గోడ మీద ఎవరో తారుతో 'పో' అని ఒక్క అక్షరం రాశారు. ఇంటి యజమానురాలు వచ్చి, మాకు పిల్లలున్నరు టీచరమ్మా, జర అర్థం జేసుకోండ్రి అని ఆమె చేతులు పట్టుకొని ఏడ్చింది. నేను వాడంతా తిరిగి, అది నేను అనుకున్నదే, చూసింది కాదు అని కనపడ్డ ప్రతి మనిషికీ చెప్పాను. శనివారం సాయంత్రం నా నోటివంక చూసిన మనుషులే నా మాట పూర్తి కాకుండా పక్కకు తిరిగారు.

గురువారం పొద్దున ఆమె వెళ్ళిపోయింది. లింగంపల్లి స్టేషను దాకా ఎడ్లబండి మీద తీసుకెళ్ళింది మా చిన్నాయనే. ఆయనే ఒకరిని అడిగి బండి కట్టించాడు. ఆకుపచ్చ పెట్టెను ఆయనే ఎత్తి బండిలో పెట్టాడు. వాడలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. బండి మలుపు తిరిగేదాకా ఆమె నా వైపు చూస్తూనే ఉంది.

చిన్నాయన పొద్దు వాలేవేళకు తిరిగొచ్చాడు. నుదుటికి కట్టుకున్న గుడ్డ నెత్తుటితో తడిసి ఉంది. మా నాయనమ్మ కేకపెట్టింది. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, ఆమె రైలెక్కిందా అని అడిగాను.

"ఎక్కింది" అన్నాడు. గుడ్డ సర్దుకుంటూ, "రోడ్డు మీద ఆపిండ్రు బిడ్డా. నాకు తెల్వనోళ్ళు. పచ్చపెట్టె టీచరమ్మ గీమెనే అన్నరు. మన కత మన కన్న ముందుగాలనే ఉరికింది" అన్నాడు.

ఆయన నుదుటికి తగిలిన రాయి ఆమె మీదికి విసిరినది. ఆయన అడ్డం నిలబడ్డాడని బండి తోలినతను తర్వాత చెప్పాడు. చిన్నాయన ఆ సంగతి తన నోటితో ఎప్పుడూ చెప్పుకోలేదు. ఉద్యమం వదల్లేదు, ఆ తర్వాత జైలుకు కూడా వెళ్ళొచ్చాడు. కానీ తన ముందు ఎవరైనా ఎవరి మీదనైనా ఏదైనా అంటే, ఎవరు జెప్పిండ్రు నీకు అని అడగకుండా ఉండేవాడు కాదు. అలా అడిగేవాళ్ళను గుంపులో ఎవరూ ఇష్టపడరు. ఆయనకు స్నేహితులు తగ్గిపోయారు.

నేను పెరిగి టీచరునయ్యాను. బోరబండలో ఒక ప్రాథమిక పాఠశాలలో, సంవత్సరాల తరబడి చిన్న పిల్లలతో కథలు రాయించాను. ఉండవలసిన దానికంటే ఎక్కువ భయంతో రాయించాను. పిల్లలు బాగా రాసి చదివి, గదంతా ఊపిరి బిగబట్టినప్పుడు అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. చప్పట్లు ఆగాక ఆ కథ గుమ్మం దాటి ఎటు వెళుతుందోనని వాకిలి వైపు చూసేదాన్ని. నలభై ఏళ్ళ తర్వాత ఉద్యమం మళ్ళీ వచ్చింది. గోడల మీద మళ్ళీ అవే అక్షరాలు. ఈసారి రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా చిన్నాయన ముసలి చేతులతో వాడంతా మిఠాయి పంచాడు. సాయంత్రం నా పక్కన కూర్చొని, ఏమాత్రం సంబంధం లేకుండా, "ఆమె ఉన్నదంటవా?" అని అడిగాడు. ఎవరని నేను అడగలేదు. ఏమో చిన్నాయనా అన్నాను. ఆమె భర్త దగ్గరికి చేరిందో లేదో కూడా మాకు తెలియదు. ఒక ఉత్తరం రాద్దామంటే, అన్ని ఉత్తరాలు డబ్బాలో వేసిన నాకు ఒక్కదాని మీది చిరునామా కూడా గుర్తు లేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు రోజూ ఏదో ఒక వార్త పట్టుకొస్తారు. ఫలానా ఫ్లాటువాళ్ళు ఇలాంటివాళ్ళట, ఆ పనిమనిషి అలా చేసిందట, నిజమే కదండీ అని నా ముఖంలోకి చూస్తారు. నేను వెంటనే తల ఊపను. ఊపలేను. ఆ మాట నా దగ్గరికి ఏ దారిన వచ్చిందో, ఇక్కడి నుంచి ఎవరి గుమ్మం ముందుకు వెళుతుందో అని మనసులో వెతుక్కుంటూ ఉండిపోతాను. నా ముఖం చూసి వాళ్ళు కాసేపాగి, ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోతారు. నాకు చెవుడు మొదలైందని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు. దవాఖానకు తీసుకెళ్ళి చూపిస్తామంటున్నారు. నాకు బాగానే వినిపిస్తుంది.